విండోస్ 11 వద్దన్న డబ్బా, మా ఇంటి ఫైల్ సర్వర్

ఇంట్లో అందరి ఫైళ్లూ ఒకేచోట దాచే ఫైల్ సర్వర్ ముసలిదైపోతే కొత్త మెషిన్ కోసం వెతక్కండి. ఆఫీసులు వదిలించుకుంటున్న ఆరో తరం, ఏడో తరం ఇంటెల్ ఐ5 డెస్క్‌టాప్ ఒకటి పట్టుకొచ్చి, మిగిలిన డబ్బు డిస్కులకీ యూపీఎస్‌కీ పెట్టండి. నేను తెచ్చింది ఐ5-6500 ఉన్న మినీ టవర్, 8 జీబీ ర్యామ్. చెన్నై రిచీ స్ట్రీట్‌లో బేరమాడితే 9,500కి వచ్చింది. కడప ఎండలో, కడప కరెంటు మీద అది ఎలా నడుస్తోందో, ఎక్కడ విసిగించిందో చెప్తాను.

అంత చవగ్గా ఎందుకిస్తున్నారో ముందు తెలియాలి. ఈ మెషిన్లకు రోగమేమీ లేదు. విండోస్ 11 పెట్టుకోవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అని మైక్రోసాఫ్ట్ గీత గీసింది. విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంక ఆఫీసులు వీటిని ఉంచుకోలేవు, లాట్లు లాట్లుగా అమ్మేస్తున్నాయి. ఐ5-6500 వచ్చింది 2015లో. నాలుగు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్. ఫైళ్లు ఇచ్చి పుచ్చుకునే పనికి అందులో సగం చాలు. పైగా విండోస్ బదులు నేను వాడే ఉచిత సిస్టమ్ లినక్స్, అది ప్రాసెసర్ వయసు అడగదు. అరవై నిండాయని మమ్మల్ని ఇంటికి పంపినట్టే వీటినీ పంపేశారు గానీ, చేతకాక కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో రిటైరైన నేను ఈ మాట అంటే అందులో కొంచెం స్వార్థం ఉందనుకుంటారు. అనుకోండి.

దీనికి ముందు పదేళ్లకు పైగా పనిచేసింది హెచ్‌పీ ప్రోలయంట్ మైక్రోసర్వర్ ఎన్40ఎల్. 1.5 గిగాహెర్ట్జ్ ఏఎండీ ట్యూరియన్, తప్పుల్ని తనే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్, ముందు తలుపు తీస్తే నాలుగు డిస్కుల అరలు. ఆ తలుపు లోపలివైపు అదనపు స్క్రూలు వరసగా బిగించి ఉంటాయి, వాటిని తిప్పే పానా కూడా అక్కడే తగిలించి ఉంటుంది. అది గీసినాయన ఎప్పుడో ఒకసారి స్క్రూ జారవిడుచుకుని నేలంతా వెతికినవాడే అయ్యుంటాడు. దాన్ని తీసేయడానికి నాకు మనసొప్పలేదు.

కానీ అందులో నాలుగు 2 టీబీ డిస్కుల్లో ఒకదాని స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చేది) 197వ నంబరు కదిలింది. చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్ల, అంటే డిస్కు ముక్కల, లెక్క అది. సున్నా ఉన్నంతకాలం హాయి. సున్నా దాటిందంటే, ఎక్స్ఛేంజ్‌లో అలారం దీపం వెలుగుతుండగా పడుకోలేనివాడికి ఇంట్లోనూ నిద్ర పట్టదు. రెండేసి డిస్కులు మిర్రర్‌గా, అంటే ఒకదానికొకటి నకలుగా, ఉండటంతో ఫైళ్లేవీ పోలేదు. అప్పటికే చోటు ఎనభై శాతం దాటి, రాసేటప్పుడు బాగా నెమ్మదించింది కూడా. వీటన్నిటి మీదా మా అల్లుడి కొత్త ల్యాప్‌టాప్. విండోస్ 11 ప్రో, 24హెచ్2. సర్వర్ పేరు కనిపిస్తుంది, నొక్కితే తెరుచుకోదు. ఆ వెర్షన్ నుంచి విండోస్ పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకునే గెస్ట్ షేర్లను (పంచుకున్న ఫోల్డర్లను) ఒప్పుకోదు, ప్రతి కనెక్షన్‌కీ సైనింగ్ (మధ్యలో ఎవరూ మార్చలేదన్న సంతకం) ఉండాలంటుంది. పాస్‌వర్డ్ పెడితే పని జరిగేదే. కానీ ఆ పాత సర్వర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, నా ఫ్రీనాస్ వెర్షన్‌కి అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. ఆ పేరే 2020లో ట్రూనాస్‌గా మారిపోయింది. మారక తప్పదనుకున్నా.

మా ఇంట్లో అంత డేటా ఏముంటుందని అడుగుతారు. 3.1 టీబీ ఉంది. పొలం కాగితాల స్కాన్లు, పెళ్లి వీడియోలు సరే. ఎక్కువగా కడప ఆకాశవాణి నుంచి నేను కేసెట్లలోకి ఎక్కించుకున్న కార్యక్రమాలు ఉన్నాయి. వాటిని వేవ్ ఫైళ్లుగా మార్చాను. నిమిషానికి దాదాపు 10 ఎంబీ, తొంభై నిమిషాల కేసెట్‌కి 950 ఎంబీ దాకా అవుతుంది. ఇదే ఎక్కువనుకుంటే, ఐఫోన్‌లో 4కే, సెకనుకి 60 ఫ్రేములతో తీసిన వీడియో నిమిషానికి 400 ఎంబీ తింటుంది. అంటే ఒక కేసెట్ మొత్తం పట్టే చోటుని మనవడి సైకిల్ వీడియో రెండున్నర నిమిషాల్లో మింగేస్తుందన్నమాట. ఇళ్లల్లో సర్వర్లు నిండిపోయేది కేసెట్లతో కాదు, మనవళ్లతో.

రెడీమేడ్ డబ్బా చూడలేదా అంటే, చూశాను. సినాలజీ డీఎస్224 ప్లస్ దాదాపు ఖాయమనుకున్నా. రెండు డిస్కులు పడతాయి, రెండు గిగాబిట్ పోర్టులు, 2 జీబీ ర్యామ్, 2019 నాటి సెలెరాన్ జె4125. సాఫ్ట్‌వేర్ చాలా బాగుంటుంది. స్క్రూడ్రైవర్ పట్టేవాళ్లు లేని ఇంట్లో అదే కొనుక్కోండి, నేనేమీ అడ్డం చెప్పను. కానీ డిస్కుల్లేని ఆ ఖాళీ డబ్బా ధరలో నాకు మెషినూ యూపీఎస్సూ వచ్చి ఇంకా మిగిలాయి. ఇంకో సంగతీ ఉంది. 2025లో వచ్చిన ప్లస్ మోడళ్లకు తన లిస్టులోని డిస్కులే వాడాలని ఆ కంపెనీ షరతు పెట్టింది. అక్టోబర్‌లో తన సాఫ్ట్‌వేర్ డీఎస్ఎం 7.3తో సడలించింది. షరతు పోయింది, కానీ పెట్టగలరని తెలిసింది కదా.

రిచీ స్ట్రీట్‌కి మా మేనల్లుడు తోడొచ్చాడు. కడపలో రైలెక్కితే చెన్నై సెంట్రల్, అక్కణ్ణుంచి ఆటోలో దగ్గరే. పాత కంప్యూటర్లు అమ్మే షాపు ఒకదాంట్లోకి దూరాం. పేరు రాయను. అలాంటివి ఆ వీధిలో బోలెడు, సరుకూ మారుతూ ఉంటుంది. కౌంటర్‌లో ఉన్నాయన మా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"సార్, ముందే చెప్తున్నా. దీంట్లో విండోస్ ఎలెవన్ రాదు. రేపు మళ్లీ వచ్చి గొడవ పెట్టుకోకూడదు."

"నాకసలు విండోసే వద్దు బాబూ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. మేనల్లుడు మోచేత్తో పొడిచి, "ఏం మామా, ఇంత దూరం వచ్చి ఈ డొక్కు డబ్బానా? కొత్తది ఆన్‌లైన్లో చూద్దాం పా" అన్నాడు.

మొదట తెచ్చిన మెషిన్ ఆన్ చేసి ఎఫ్2 కొడితే బయాస్ (మెషిన్ మూల సెట్టింగులు) పాస్‌వర్డ్ అడిగింది. పాత ఆఫీసువాళ్లు పెట్టి అలాగే వదిలేశారు. "మేం తీసిస్తాం సార్, రేపు రండి" అన్నాడు. ఇంకోటి తెమ్మన్నా. బయాస్ తెరుచుకోని మెషిన్ సర్వర్‌కి పనికిరాదు. ఎందుకంటే కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అవ్వాలన్న సెట్టింగ్ ఉండేది అందులోనే. రెండోదాన్లో ఆ సెట్టింగ్ అక్కడే మార్చి, ప్లగ్ పీకి మళ్లీ పెట్టి, ఎవరూ బటన్ నొక్కకుండా లేస్తోందో లేదో చూశాకే డబ్బు తీశాను. సన్నగా అందంగా ఉండే మోడళ్ల జోలికి పోకండి, వాటిల్లో చాలావాటికి పెద్ద డిస్కు ఒకటే పడుతుంది. మినీ టవర్ మూత తీయించి, 3.5 ఇంచుల అరలు రెండున్నాయా, డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఎన్ని, డిస్కులకు కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది చూడండి. పెద్ద కంపెనీల ఆఫీసు మెషిన్లలో చాలావాటికి ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు ఇచ్చే పెట్టె) మామూలు రకం కాదు. డిస్కుల పవర్ వైరు కూడా మదర్‌బోర్డు మీంచే వస్తుంది. ఆ ఎస్ఎంపీఎస్ కాలిపోతే కడపలో దొరకదు. అందుకని అదే మోడల్ ఎస్ఎంపీఎస్ ఇంకోటి, ఇంకో మెషిన్లోంచి పీకించి, 600 ఇచ్చి తెచ్చుకున్నా. ఈ మొత్తం కొనుగోలులో నాకు బాగా నచ్చిన పని అదే.

ఇంటికొచ్చాక మూత తీసి బ్లోయర్ పట్టాను. ఏసీ గదిలో బతికిన మెషిన్ కాబట్టి దుమ్ము తక్కువే. కానీ ప్రాసెసర్ మీద పేస్టు ఎండి పెచ్చులు కట్టింది. తుడిచి కొత్తది రాశాను. బయాస్ టైము నిలుపుకునే సీఆర్2032 బ్యాటరీ కూడా అయిపోయింది. అది వాచీల షాపులో దొరుకుతుంది. ఈ రెండూ పాత మెషిన్ కొన్నవాళ్లు ఎలాగూ చేయించుకోవాల్సిన పనులే.

డిస్కులు మాత్రం కొత్తవే, బిల్లుతో. సెకండ్ హ్యాండ్ డిస్కు ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోను. 8 టీబీవి రెండు: ఒకటి సీగేట్ ఐరన్‌వుల్ఫ్, ఒకటి వెస్ట్రన్ డిజిటల్ రెడ్ ప్లస్. ఒక్కోటీ ఇరవై వేలకు కొంచెం పైన, మూడేళ్ల వారంటీ. కావాలనే రెండు కంపెనీలవి తీసుకున్నా. ఒకే లాటులోవి ఒకేసారి పోయే అవకాశం ఎందుకివ్వాలి? రెడ్ వేరు, రెడ్ ప్లస్ వేరన్నది గుర్తుంచుకోండి. 2 నుంచి 6 టీబీ దాకా ఉన్న రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ రకమని 2020 ఏప్రిల్‌లో బయటపడింది. ట్రాకుల్ని ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా రాసే పద్ధతి అది. ఒక చోట మార్చాలంటే పక్కవన్నీ మళ్లీ రాయాలి. పోయిన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మిర్రర్ నింపేటప్పుడు ఆ రకం నత్తనడక నడుస్తుంది. ఆ గొడవ తర్వాతే, ట్రాకులు అలా ఎక్కని సీఎంఆర్ రకాన్ని రెడ్ ప్లస్ పేరుతో వేరు చేశారు. బిల్లు రాయించే ముందు మోడల్ నంబరు చూసి సీఎంఆరేనా అని తేల్చుకోండి.

సాఫ్ట్‌వేర్ ఓపెన్‌మీడియావాల్ట్. ఒకప్పుడు ఫ్రీనాస్‌లో పనిచేసిన జర్మన్ ప్రోగ్రామర్ ఫోల్కర్ థైలే మొదలుపెట్టింది, డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, ఉచితం. చిన్న ఎస్ఎస్‌డీలో ఎక్కించి, మిగతాదంతా ఇంకో కంప్యూటర్ బ్రౌజర్లోంచే చేసుకోవచ్చు. రెండు డిస్కుల్నీ బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో మిర్రర్ చేశాను. ప్రతి బ్లాకుకీ చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) ఉంటుంది కాబట్టి, నెలకోసారి అన్నిటినీ సరిచూసే స్క్రబ్ నడిపితే ఒక డిస్కులో పాడైన ముక్కని రెండోదాన్నుంచి తనే సరిచేస్తుంది. అదే బీటీఆర్ఎఫ్ఎస్‌లో రెయిడ్ 5, 6 అనే, ఎక్కువ డిస్కుల్ని కలిపి వాడే పద్ధతుల జోలికి మాత్రం వెళ్లొద్దు. అవి నమ్మకంగా వాడుకునే స్థితిలో లేవని దాన్ని తయారుచేసేవాళ్లే చెప్తారు. ఓపెన్‌మీడియావాల్ట్‌లో అలవాటు కావాల్సింది ఒకటుంది. ఏ మార్పు చేసినా పైన పసుపు పట్టీ వస్తుంది, అక్కడ టిక్ కొట్టేదాకా అది అమల్లోకి రాదు. మా అల్లుడికి కొత్త పాస్‌వర్డ్ పెట్టి యూజర్‌ని చేర్చాక ల్యాప్‌టాప్ మారుమాట లేకుండా లోపలికెళ్లింది.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లు ఈ పేరా తప్పకుండా చదవండి. విండోస్ డిస్కు మీద పేరుకి 255 అక్షరాల దాకా వీలుంది. లినక్స్‌లో మాత్రం 255 బైట్లే. తెలుగు యూనికోడ్‌లో ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు పడతాయి కాబట్టి 85 గుర్తుల దగ్గర ఆగిపోతుంది. గుర్తంటే మనం లెక్కపెట్టే అక్షరం కూడా కాదు. "స్త్రీ" చూడ్డానికి ఒక్కటే. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, మొత్తం ఆరు గుర్తులు, 18 బైట్లు. "కడప ఆకాశవాణి ఉగాది కవిసమ్మేళనం" అంటూ మొదలుపెట్టి తేదీ, కవుల పేర్లు, రెండో భాగం అని మా ఆవిడ ఓపిగ్గా రాసిన పేర్లన్నీ యూఎస్‌బీ డిస్కు మీంచి ఎక్కించేటప్పుడు ఎర్రర్లు కొట్టాయి. ఇది ఓపెన్‌మీడియావాల్ట్ లోపం కాదు, ఏ లినక్స్ డబ్బా కొన్నా ఇంతే. పేరు చిన్నగా పెట్టి వివరాలు పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసుకోమన్నాను. "మీ డబ్బాకి తెలుగు పట్టదన్నమాట" అంది. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

పాత సర్వర్నుంచి కొత్తదానికి 3.1 టీబీ పంపడం ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతోనే. మొదలుపెట్టి చూస్తే సెకనుకి 11 ఎంబీ. ఆ లెక్కన మూడు రోజులు దాటుతుంది. ఆ అంకె చూడగానే కారణం సగం తెలిసిపోయింది. లైను గిగాబిట్ కాదు, 100 మెగాబిట్ దగ్గర కూర్చుంది. లైను వేగం చూపించే ఈథ్‌టూల్ కూడా అదే చెప్పింది. హాల్లోంచి లోపలి గదికి కేబుల్ లాగింది ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు. ప్లగ్ దగ్గర తొడుగు చీల్చి చూస్తే నారింజ జత, పచ్చ జత మాత్రమే లోపలికెళ్లాయి. నీలం, గోధుమ జతలు రెండూ మొదట్లోనే కత్తిరించేసి ఉన్నాయి. 100 మెగాబిట్‌కి ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులు చాలు, నెట్ వస్తుంది, ఎవరూ అడగరు. గిగాబిట్‌కి నాలుగు జతలూ, ఎనిమిది తీగలూ కావాలి. జీవితమంతా తీగల రంగులు చూసుకుంటూ బతికినవాడి ఇంట్లో ఈ పని! రెండు చివర్లా కోసి, ఎనిమిదీ వరసలో పెట్టి కొత్త ప్లగ్గులు క్రింప్ చేశాను. వేగం తొంభైకి దగ్గరగా వచ్చింది. కొత్త సర్వర్ కొనాలనుకునేవాళ్లు ముందు ఆ ప్లగ్ వైపు ఒకసారి చూడండి. పారదర్శకంగానే ఉంటుంది, ఎనిమిది రంగులూ కనబడాలి. కొందరికి సర్వరే అక్కర్లేకపోవచ్చు.

ఇంకో చిన్న కిటుకు. పాత మెషిన్‌కి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ (రహస్యలిపి) లెక్కలు చేసే హార్డ్‌వేర్ లేదు. అన్నిటినీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ఎస్ఎస్‌హెచ్ మీంచి పంపితే ఎన్‌క్రిప్షన్‌తోనే దాని ఊపిరి అయిపోతుంది. ఇంట్లో పక్కపక్కనే ఉన్న రెండు మెషిన్ల మధ్య అది అనవసరం కాబట్టి ఆర్‌సింక్ డీమన్ మీంచి నేరుగా పంపాను. రాత్రి భోజనం అయ్యాక పెడితే మర్నాడు టిఫిన్ వేళకి అయిపోయింది. తర్వాత చెక్‌సమ్ ఆప్షన్‌తో ఇంకోసారి నడిపించి, రెండువైపులా ఒకటేనని తేలాకే ఊపిరి పీల్చుకున్నా.

ఎండ సంగతి. పాతది అటక మీద, స్లాబు కింద ఉండేది. కొత్తదాన్ని హాల్లో గూట్లో, నేలకి దగ్గరగా ఉన్న కడప బండ మీద పెట్టాను. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం రెడ్ ప్లస్ 45, ఐరన్‌వుల్ఫ్ 48 చూపించాయి. రెండోది నిమిషానికి 7,200 చుట్లు తిరిగేది, కాస్త వేడెక్కుతుంది, రాత్రిపూట గరగరమని చప్పుడు కూడా చేస్తుంది. నిద్రపోయే గదిలో పెట్టొద్దు. టవర్లో రెండు డిస్కుల అరలకి ఎదురుగా ఫ్యాన్ లేదు. అదొక్కటీ నాకు నచ్చలేదు. చిన్న ఫ్యాన్ ఒకటి తగిలించాక ఆ అంకెలొచ్చాయి, అంతకుముందు యాభై దాటేది.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉంది కదా అనుకోకండి. అది బ్యాటరీ మీదకి మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి, మారే సమయం తగ్గుతుంది. కానీ బ్యాటరీ అయిపోవస్తోందని అది సర్వర్‌కి చెప్పదు. అందుకని యూఎస్‌బీ వైరు ఉన్న చిన్న యూపీఎస్ కొనండి. ఓపెన్‌మీడియావాల్ట్‌లో, యూపీఎస్ మాట వినే నట్ ప్లగిన్ వేస్తే, బ్యాటరీ తగ్గగానే ఫైళ్లన్నీ మూసి మర్యాదగా ఆగిపోతుంది. 48 వోల్టుల బ్యాటరీ బ్యాంకుల మధ్య ఉద్యోగం చేసినవాడి చాదస్తం అనుకున్నా సరే, ఎర్తింగ్ కూడా చూపించుకోండి.

కరెంటు ఖర్చు ప్లగ్ మీటర్‌తో చూశాను. పాతది నాలుగు డిస్కులతో 48 వాట్లు, ఇది రెండు డిస్కులతో 28. నెలకి దాదాపు 35 యూనిట్లకి బదులు 20. ఈ తేడాతో ఎవరూ కోటీశ్వరులు కారు గానీ, ఐ5 అంటే బిల్లు పేలిపోతుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఈసీసీ ర్యామ్ లేదు. డిస్కు మార్చాలంటే మెషిన్ ఆపి, వైర్లు పీకి, మూత తీయాలి. ముందు తలుపు తీసి అర లాగే సుఖం పోయింది. మూడో పెద్ద డిస్కుకి చోటు కష్టమే, డీవీడీ డ్రైవ్ తీసేసి ఏదో ఒకటి బిగించుకోవాలి. నాలుగైదు డిస్కులు కావాల్సినవాళ్లకి ఇది సరిపోదు. మిర్రర్ ఉంది కదా అని బ్యాకప్ మానేయకండి. ఒక ఫైల్ పొరపాటున చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. మైక్రోసర్వర్‌ని నేను పారేయలేదు. దెబ్బతిన్న డిస్కు తీసేసి, ఆదివారం ఆదివారం ఆన్ చేసి ముఖ్యమైన ఫోల్డర్లు కాపీ చేసి ఆపేస్తున్నా. ఇంకో కాపీ యూఎస్‌బీ డిస్కులో బెంగళూరులో మా అమ్మాయి ఇంట్లో ఉంటుంది.

మొత్తం మీద ఐదుకి నాలుగు మార్కులు. తగ్గిన ఒక మార్కు ఆ ఫ్యాన్ లేని అరలకి. కొనడానికి చెన్నై వెళ్లేవాళ్లు ఆదివారం పెట్టుకోకండి, రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు ఆ రోజు తెరవరు. వెళ్లేటప్పుడు బూట్ అయ్యే లినక్స్ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకోండి, అక్కడే కౌంటర్ మీద పెట్టి నడిపి చూడొచ్చు.